గోడలో గంగ

దాసప్ప తన పొలంలో ఎనిమిది బోర్లు వేయించాడు. ఎనిమిదింటిలోనూ దుమ్మే లేచింది. ఆ దుమ్మే అతని భార్య పుష్పావతి ఊపిరి తీస్తోందని ఊళ్ళో అనేవాళ్ళు గానీ, ఆమెది చిన్ననాటి ఉబ్బసం. వేరుశనగ కాయ కొట్టే రోజుల్లో పాపం పడుకుంటే ఆయాసమని గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. చివరికి ఉన్న నాలుగెకరాలూ అమ్మేసి, దుమ్ము లేని చోటు కావాలని సోమందేపల్లెలో రెండు గదుల పాత మిద్దె కొన్నాడు. కొన్నది ఆమె ఊపిరి కోసమే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అతను మరిచిపోయాడు.

చేరిన మూడో వారం, నడి ఎండాకాలంలో, వంటింటి గోడ అడుగున అరచేతంత తడి కనిపించింది. ఇంకొకరైతే ఇల్లు అంటగట్టినవాణ్ణి తిట్టుకుంటూ మేస్త్రీ కోసం పరుగెత్తేవాళ్ళు. దాసప్ప మాత్రం ఆ తడి మీద చెయ్యి పెట్టి చూసి, అక్కడే చతికిలబడిపోయాడు.

"ఏమ్మే, ఈడ చూడు. కింద నీళ్ళుండాయి," అన్నాడు.

పుష్పావతి గోడను చూడలేదు. మొగుడి మొహాన్నే చాలాసేపు చూసింది. తర్వాత గిన్నెలో పసుపు కలిపి తెచ్చి, బోరులో గంగ పడినప్పుడు అందరూ చేసినట్టే, ఆ తడి మీద తన అరచెయ్యి అద్ది కుంకుమ పెట్టింది. దాసప్ప టెంకాయ కొట్టాడు. నీళ్ళు పడ్డాక కొట్టే టెంకాయ అతని జన్మలో అదే మొదటిది.

ఆ రోజునుంచి మనిషి మారిపోయాడు. పొద్దున లేస్తూనే గోడ తడిమేవాడు. ఇంటి వెనక తొమ్మిదో బోరు వేస్తానని, నాలుగు బెండ మొక్కలు, ఒక మల్లె అంటు పెడతానని టీ బంకు దగ్గర చెప్పిందే చెప్పేవాడు. వినేవాళ్ళకు విసుగొచ్చింది గానీ ఆమెకు రాలేదు. తడి గోడలోని దీపం గూటిదాకా ఎక్కింది. మూలల్లో నల్లగా బూజు పట్టింది. ఆమె దగ్గు ఎక్కువైంది.

పుట్టపర్తిలో డాక్టరు ఆమె వీపు మీద గొట్టం పెట్టి విని, "ఇంట్లో గోడలకు చెమ్మ ఉందా? ఈమెకు అది అస్సలు పడదు," అన్నాడు.

దాసప్ప నోరు తెరిచాడు. అంతలోనే పుష్పావతి, "లేదు సార్. మాది ఎండిన ఇల్లు," అంది.

దాసప్ప నోరు మూసుకున్నాడు. బస్సులో వస్తూ మాత్రం, "ఎందుకట్లా చెప్తివి?" అని అడిగాడు.

"గోడ పగలగొడితే గంగ ఇంకిపోతాది కదయ్యా. నువ్వు బోరు వేసుకో, ఆ తర్వాత చూద్దాంలే," అంది.

అతనికి ఆ మాట తియ్యగా తోచింది. తియ్యగా తోచింది కాబట్టే నమ్మాడు, పిరికివాడు.

వానలు పడకముందే పుష్పావతి పోయింది. ఆస్పత్రికని ఆటో ఎక్కిస్తుంటే, అతని చేతుల్లోనే ఊపిరి ఆగిపోయింది.

పెద్దదినం అయిన మర్నాడు పక్కింటి కృపాకుమారి వచ్చింది. గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేసుకునే మనిషి. ఆమె స్నానాల గదికీ దాసప్ప వంటింటికీ నడుమ ఆ గోడ ఒక్కటే. వెంట ప్లంబరు శశికుమార్ ఉన్నాడు.

"అన్నా, మా పైపు కారుతాంది. మీరొచ్చిన నెలలోనే బాగు చేయిస్తానని అక్కకు చెప్తిని. అక్కే వద్దనింది." కృపాకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "'ఆయప్ప మొగంలో కళ చూసి ఎన్నేండ్లయిందో. కొన్నాళ్ళు అట్లే కారనీ పాపా' అనింది. ఆ తడి ఇంత పని చేస్తాదని నాకు తెలీదన్నా."

శశికుమార్ అవతలి గదిలో పైపు ముక్క మార్చాడు. అరగంట పని.

"ఇంక నాలుగు దినాల్లో ఆరిపోతాదిలేన్నా," అని ధైర్యం చెప్పి పోయాడు.

అన్నట్టే గోడ ఆరింది. ఆరేకొద్దీ తెల్లగా ఉప్పు పూసి పెచ్చులు లేచింది. పసుపు చెయ్యి ఉన్న చోట ముందు చూపుడువేలు రాలింది, మర్నాడు బొటనవేలు.

దాసప్ప చెంబుతో నీళ్ళు తెచ్చుకుని గోడ ముందు కూర్చున్నాడు. మిగిలిన మూడు వేళ్ళూ ఆరిపోకుండా, దోసిలితో కొంచెం కొంచెంగా తడుపుతున్నాడు.