ఊకబస్తా సాక్ష్యము

హేమంతపు తెలివేకువ. కొండలనుండి దిగివచ్చిన మంచు పోలీసుల నివాసగృహముల పెంకులపై దట్టముగ పరచుకొని యెదుటి యింటి దీపమును సైతము మసకబార్చుచుండ తూర్పున పొద్దు పొడిచియు పొడువని యా వేళ హెడ్డుకానిస్టేబులు దాలినాయుని యిల్లాలు అప్పలనరసమ్మ గడపపై కూర్చుండి భర్త లాఠికి ఆముదము పట్టించుచుండెను. కాపురమునకు వచ్చిన నాటినుండియు వారమువారమును చేయు పని యగుటచే ఆమె చేతులు చూపు నపేక్షింపక కదలుచుండెను.

అది దాలినాయుడు విచారణసంఘము నెదుట నిలువవలసిన దినము. సంతలో దొంగతనపు టనుమానమున పట్టువడిన గవరయ్య యను మేదరి యువకుడు అతని లాఠిదెబ్బ తలకు తగిలి ఆసుపత్రిలో కన్నుమూసెను. వెదురు చీల్చు కత్తి పూని మీదికి వచ్చినవానిని ఆత్మరక్షణార్థమై కొట్టితిననియు వాడు నిలిచియుండగనే తలపై దెబ్బ పడినదనియు దాలినాయుడు చెప్పుచుండెను. ఆ మాట నిలిచినచో కొలువు నిలుచును. నిలువనిచో కొలువును గౌరవమును పోయి చెఱసాల మిగులును.

అతని కూతురు దమయంతి సబిన్‌స్పెక్టరు. పోలీసులు ప్రయోగించిన బలము అవసరమగునంతటిదియా మితిమీరినదియా యని తూచు విద్య నేర్పు శిక్షణకు పోయి క్రిందటి దినముననే యిలు చేరెను.

“ఓలమ్మా, నేర్సుకొచ్చినావు గదా. ఆళ్లేటడుగుతారో సెప్పు. నానేటి సెప్పాలో అదీ సెప్పీ” అని దాలినాయుడు బొత్తాములు పెట్టుకొనుచు వసారాలోనికి వచ్చెను.

“నీకు మాటలు నేర్పాలేటి? నీ నోటికి సంతంతా బెదిరిపోద్ది!” అని అప్పలనరసమ్మ నవ్వెను.

దమయంతి నవ్వలేదు. “చెప్పడం కాదు నాన్నా. చేసి చూపించమంతారు.”

శిక్షణాలయమున ఆమె కన్న పద్ధతి యదియే. వృద్ధుడైన శిక్షకుడు ఎవ్వరినైనను ముందుగ మాటాడనీయక లాఠి చేతికిచ్చి జరిగినదానిని జరిగినట్లు ఆచరింపుమనుచు ప్రతి దెబ్బకు ముందును “ఇప్పుడతడేమి చేయుచున్నాడు?” అని యడుగుచుండెను. మాటలు కూర్చుటకు నాలుక యెఱుగును గాని చేయి యెఱుగదని యా వృద్ధుని నమ్మకము.

పొయ్యికై తెచ్చిన ఊకబస్తా యొకటి వసారా గుంజకు చేరగిలియుండెను. దాలినాయుడు భార్య చేతినుండి లాఠి నందుకొని “ఇదిగో, ఈడే గవిరోడు” అనెను.

“కత్తి ఏ చేతిలో ఉంది?”

“కుడి సేత్నే. ఒక్కటిచ్చినాను. కత్తెగిరి పోనాది.”

“అప్పుడేం చేస్తన్నాడు?”

“మీదకొస్తన్నాడే! అందుకే మోకాలికొకటి.”

ఆ దెబ్బకు బస్తా గుంజను వీడి మెట్లకడ్డముగ నేల కొరిగెను. కథనమునందు దాలినాయుడు ఆగవలసిన చోటది. కాని నూనె త్రావి మెఱయుచున్న యా లాఠి తన యజమానుని తలపునకై వేచియుండక మరల లేచి పడియున్న బస్తాకు తలవంటి మూతికట్టు మీద దబాలున దిగెను. గోనె పిగిలి ఊక చిమ్మెను.

“అప్పుడేం చేస్తన్నాడు నాన్నా?” అని దమయంతి మెల్లగ నడిగెను.

అప్పలనరసమ్మ ఆముదపు చేతులను ఒడిలోనికి ముడుచుకొనెను. “పడిపోనాక కూడా కొట్నావేటి?”

దాలినాయుని మొగము పాలిపోయెను. బస్తాను లేవనెత్తబోవుచు “ఇంకోపాలి సేస్తాను. ఈపాలి సరిగ్గొస్తాది. తలమీది దెబ్బ ముందేసీసినట్టు సూపిస్తే సాలు గదా, అమ్మీ?” అని బతిమాలుకొనెను. ఔనను నొక్క మాట చాలును. చిన్ననాడు తన్ను భుజములపై మోసి జాతర చూపిన తండ్రికి ఆ మాట నీయవలెనని ఆమె పెదవులు కదలెను.

“గవరయ్యకి ఇంకోపాలి నేదు గదా నాన్నా” అనెను.

దాలినాయుని చేయి బస్తానుండి జాఱెను. లాఠిని గోడకు చేర్చి టోపీ పెట్టుకొని మెట్లకడకు పోయి అడ్డముగ నున్న బస్తాను దాటుటకై పాదమెత్తెను. ఎత్తిన పాదమును అట్లే నిలిపి, పండుకొనియున్న మనుష్యుని దాటరాదని వెనుకకు తీసికొనువానివలె తీసికొని, గోడవారగ ఒదిగి ఒదిగి బస్తాను తప్పించుకొని మంచులోనికి వెడలిపోయెను.