కిటికీ కాడి ముత్యాల తీగ

స్వరూప బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే కిటికీ దిక్కు చూసింది. కొక్కెం ఉంది, కుండీ లేదు. కింద గచ్చు మీద నాలుగు పచ్చటి గింజలు రాలి ఉన్నయి.

"రఘుపతి సార్ ఇంటికి పంపిన," అన్నడు మొగుడు ఐలేశం, టీవీ మీంచి చూపు తిప్పకుండనే. సార్ అతని ఆఫీసులో పెద్దాయన. "మొన్న మనింటికొచ్చినప్పుడు మేడం బాగుందన్నది గద. జర చాయ్ పెట్టు."

పెట్టింది. పచ్చి బఠానీలు దారానికి గుచ్చినట్టుండే ఆ తీగ, మూడేండ్ల కింద తోటి టీచరు పుష్ప ఇచ్చిన జానెడు ముక్క. ఇసుక కలిపిన మట్టి మీద పరిచి, హుజూర్‌నగర్ ఎండ తగలకుండ జాగాలు మారుస్తూ వేరు పట్టించింది. దానికి నీళ్లెప్పుడు కావాలో ఆమెకే తెలుసు. గింజను రెండు వేళ్లతో ఒత్తి చూడాలె. గట్టిగుంటే వద్దు, మెత్తబడితే పొయ్యాలె. పదిహేను రోజులకొకసారి, అంతే. తెల్లారింది మొదలు టిఫిన్ డబ్బాలు, అత్తమ్మ బీపీ గోలీలు, ఐలేశం ఇస్త్రీ అంగీలు, అన్నీ ఆమెనే పిలుస్తయి. ఆ ఇంట్ల రోజూ పిలవకుండ బతికేది అదొక్కటే.

"తినేదా, పూసేదా? గా తీగకు మొఖం మాడ్చుకుంటవేంది?" అన్నది అత్త నర్సింగమ్మ.

ఐలేశానికి ఇచ్చుడు కొత్త గాదు. ఆమె కుట్టుమిషన్ చెల్లెకిచ్చిండు. ఆమె ఆదివారాలు చుట్టాలకిచ్చిండు. ప్రతిసారి మంచిపేరు మాత్రం ఆయనకే వచ్చింది.

తెల్లారి బడి విడవంగనే స్వరూప ఆటో ఎక్కి రఘుపతి ఇంటికి పోయింది. ఆయన భార్య మంజులత తలుపు తీసింది.

"రాండ్రి, రాండ్రి. నిన్నటిసంది మూడుసార్లు నీళ్లు పోసిన. అయినా వాడినట్టే ఉంది."

"మేడం, ఆ తీగ నాది. మా ఆయన నన్నడగకుండ పంపిండు. తీస్కపోదామని వచ్చిన."

మంజులత మొఖం చిన్నబోయింది. "నేను అడగలేదమ్మా. బాగుందన్న, గంతే. మీరే పంపిన్రని చెప్పిండు."

లోపలికి పోయి కుండీ తెచ్చిచ్చింది. మట్టి బురదబురదగుంది. స్వరూప గడప మీదనే కూసొని, గట్టిగున్న తీగలు నాలుగు తెంపి ఆమె చేతుల పెట్టింది.

"ఇవి నేనిస్తున్న. రెండ్రోజులు నీడకు ఆరనిచ్చి, మట్టి మీద పరచుండ్రి. నీళ్లకు తొందరపడొద్దు."

మంజులత ఆటో దాకా వచ్చి సాగనంపింది.

ఇంటికొచ్చేసరికి ఐలేశం గుమ్మంల నిలబడి ఉన్నడు. సార్ ఫోన్ చేసినట్టుంది. "నా పరువు తీసినవ్. రేపు సార్ మొఖమెట్ల చూడాలె?"

స్వరూప పాత పేపరు పరిచి కుండీ బోర్లించింది. "మేడంకు నాలుగు తీగలిచ్చే వచ్చిన," అన్నది వేర్ల బురద దులుపుతూ.

"ఇచ్చినవా? ఎవర్నడిగి ఇచ్చినవ్?" అని గట్టిగ అన్నడు ఐలేశం.

అనంగనే, తన మాట తనకే ఇనబడ్డట్టు ఆగిపోయిండు.