పేరు రాసిన చీటీ

బడి భద్రతకని సర్కారు నిధులొచ్చాయని తెలిసిన రోజు అందరికన్నా ఎక్కువ సంతోషపడింది విశ్వాసమ్మే. పత్తికొండ దగ్గరి ఆ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. కూతురు ప్రసన్నకుమారి అక్కడే తొమ్మిదో తరగతి. పదో తరగతి తేజేశ్వర్ తన హోంవర్కు రాసిమ్మంటే ఆ పిల్ల రాయలేదు. అప్పటినుంచి వాడు మరుగుదొడ్ల వెనక కాపుకాసి జడ పట్టి గుంజుతున్నాడు, చెయ్యి మెలిపెడుతున్నాడు. మణికట్టు కమిలి నేరేడుపండు రంగు తేలింది.

"ఇంక బడికి పోనుమా" అంటోంది పిల్ల.

నిధులతో గేటు దగ్గర కెమెరా పెట్టారు. మరుగుదొడ్ల దాకా దాని చూపు పోదు. ఆఫీసు గది ముందు ఎర్రరంగు ఫిర్యాదుల పెట్టె బిగించారు. దాని మీది రాతను ప్రసన్న తల్లికి చదివి వినిపించింది.

"పేరు రాయక్కర్లేదంటమా. ఏం జరిగిందో రాస్తే చాలంట."

"పేరు లేని విన్నపం యాడికి చేరుతుందే? చర్చి చీటీలో మనం రాయమా, పేరు, తండ్రి పేరు, వీధి? పాస్టరయ్య పేరు పెట్టి చదివితేనే ప్రార్థన పైకి పోయేది. ఇదీ అంతే."

"చర్చిలో దేవుడుండాడు. ఈడ ఎవరుండారు?"

"సర్కారుండాది. నోరు మూసుకోని రాయి."

పిల్ల పేరుతో సహా రాసింది. విశ్వాసమ్మ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, కళ్ళు మూసుకుని పెట్టెలో వేసింది.

పెట్టె తాళంచెవి ఎక్కడుంటుందో ఆమె ఆలోచించలేదు. ఊళ్ళో నీళ్ళ మోటారుదైనా, బడి గేటుదైనా, తాళంచెవి రామసుబ్బయ్య శెట్టి అంగట్లో మేకుకే వేలాడుతుంది. అందరికన్నా ముందు తెరిచేదీ, ఆఖరున మూసేదీ ఆ అంగడే. బడి కమిటీ ఛైర్మనూ ఆయనే. తేజేశ్వర్ ఆయన కొడుకు. పెట్టెను హెడ్మాస్టరు, మహిళా పోలీసు కలిసి తెరవాలని సర్కారు కాగితంలో ఉంది. తాళంచెవి మాత్రం అలవాటుగా శెట్టి అంగట్లో మేకెక్కింది.

నాలుగో రోజు శెట్టి వంటగది గడప దగ్గరికొచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఏం విశ్వాసమ్మా, నీ కూతురి రాత శానా బాగుండాదే! ముత్యాలే అనుకో."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"మావోడు తుంటరోడు, నేను చెప్పుకుంటాలే. అంగడికొచ్చి ఒక మాటంటే పోయేదానికి కాగితాలెందుకు? ఆడపిల్ల పేరు ఊరి నోట్లో పడితే బాగుంటాదా? నాగక్క వంటపని కావాలని శానా రోజులుగా అడుగుతాంది. విశ్వాసమ్మ ఉండాది కదా అని నేనే తోసేస్తాండా."

ఆమె హెడ్మాస్టరు రాఘవేంద్రప్రసాద్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన అంతా విని తల వంచుకున్నాడు.

"మేము తెరిచేసరికి పెట్టెలో ఏమీ లేదమ్మా. లేని చీటీకి నేనేం చేయను?"

"మళ్ళీ రాయిస్తా సారూ. మీ చేతికే ఇస్తా."

ఆయన బల్ల మీది హాజరు పట్టీ తెరిచి, మళ్ళీ మూశాడు.

మరుసటి రోజు మగపిల్లలు ఆ చీటీలోని మాటలను పద్యంలా అప్పజెప్పారు. ఒకడు మొదలుపెడితే ఇంకొకడు అందుకున్నాడు. ప్రసన్న మధ్యాహ్నమే ఇంటికొచ్చి సంచిని అటక మీద పడేసింది. వారం తిరక్కుండా టమోటా కోతలకు పోయే ఆడవాళ్ళ ఆటో ఎక్కింది. విశ్వాసమ్మ ఏడ్చింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంటానంది. పిల్ల వెనక్కి తిరగలేదు.

నెలాఖరుకు తనిఖీ అధికారి వచ్చి, అందరి ముందూ పెట్టె తెరిపించి ఫోటో తీసుకున్నాడు.

"ఒక్క ఫిర్యాదూ లేదే! ఇట్లాంటి బడి నేను చూళ్ళేదప్పా."

"మాది శానా నెమ్మదైన ఊరు సార్" అన్నాడు శెట్టి.

అధికారి సాంబారు బాగుందని మెచ్చుకుని రెండోసారి వేయించుకున్నాడు. వడ్డించింది విశ్వాసమ్మే.

ఆదివారం చర్చిలో పాస్టరు దావీదురాజు విన్నపాల చీటీలు పంచాడు. విశ్వాసమ్మకు రాయడం రాదు. చీటీని కూతురి ముందు పెట్టింది.

"రాయి బిడ్డా."

టమోటా ఆకుల పసరు నల్లగా పట్టిన వేళ్ళతో ప్రసన్న ఆ చీటీని మెల్లగా తల్లి వైపే జరిపింది.

విశ్వాసమ్మ ఆ ఖాళీ చీటీని అట్లాగే మడిచి విన్నపాల పెట్టెలో వేసింది. పాస్టరు ఒక్కొక్క పేరే చదువుతూ వచ్చాడు. ఆఖరి చీటీని విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టాడు.