చచ్చినవాడు ఒక్క ముక్కే చెప్పాలి

ఆ జట్టులో ఐదుగురు ఆటగాళ్ళు, ఒక కోచ్, గోడ మీద ఒకే ఒక్క రూలు. రూలు రాసింది కెప్టెన్. నల్ల మార్కరుతో, ఆసుపత్రి వరండాలో బోర్డు రాసినంత గంభీరంగా రాశాడు: చచ్చినవాడు ఒక్క ముక్కే చెప్పాలి.

కొత్తగా ఆ గదిలోకి వచ్చినవాళ్ళు అది చదివి ఉలిక్కిపడేవాళ్ళు. ఏసీ బాగుచేయడానికి వచ్చినతను ఒకసారి నిచ్చెన దిగి వచ్చి మరీ, ఇక్కడ ఏం పని చేస్తారు సార్ అని అడిగాడు. భయపడాల్సిందేమీ లేదు. వాళ్ళది కంప్యూటర్ మీద ఆడే తుపాకుల ఆట. జీతమిచ్చి ఆడించే యజమాని ఉన్నాడు, టికెట్టు కొనుక్కుని వచ్చి చూసే జనం ఉన్నారు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక జట్టు బాంబు పెట్టాలి, రెండో జట్టు అడ్డుకోవాలి. బాంబు పెట్టగలిగే చోట్లు రెండే, ఒకటి వంతెన, ఇంకొకటి గడియార స్తంభం. ఎటు వస్తారో ముందుగా పసిగట్టినవాళ్ళదే గెలుపు.

తూటా తగిలి చచ్చినవాడు ఆ రౌండు ముగిసేదాకా లేవడు. బతికున్న తన వాళ్ళ తెరలు చూస్తూ కూర్చుంటాడు. ఊరికే కూర్చున్నవాడి నోరు ఊరికే ఉండదు కదా. వాడు హెడ్‌ఫోన్లో వాగుతుంటే బతికున్నవాడికి శత్రువు అడుగుల చప్పుడు వినపడదు. అందుకని ఎవరు కొట్టారో, ఎక్కణ్ణుంచి కొట్టారో ఒక్క ముక్క చెప్పి నోరు మూసుకోవాలి. రూలులో తప్పేమీ లేదు. తప్పంతా అది ఎవరిని చూసి రాశాడన్న దాంట్లో ఉంది.

రేడియోని చూసి రాశాడు. రేడియో అంటే కెప్టెన్ భార్యకి స్వయానా తమ్ముడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అక్క పుట్టినరోజుకి బావ దాచిపెట్టిన చీర సంగతి రెండు రోజుల ముందే అక్కకి చెప్పేసి, చెప్పినట్టు బావకి కూడా చెప్పేసిన ఘనుడు. నిద్రలేచింది మొదలు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. ఆటలోనూ అంతే. ఎవడు ఎక్కడ దాక్కున్నాడు, ఎవడి తుపాకీలో తూటాలు అయిపోయాయి, ఎవడు తొందరపడుతున్నాడు, అన్నీ గడగడా చెప్పేవాడు. పదింట్లో ఏడు పనికొచ్చే మాటలేనని కోచ్ లెక్క. పదింట్లో మూడు చెత్త అని కెప్టెన్ లెక్క. ఇద్దరి లెక్కా ఒకటే, చూసే చూపే వేరు.

కెప్టెన్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. జట్టులో అందరికంటే పెద్దవాడు, అందరికంటే ముందు వచ్చి ఆఖరున వెళ్ళేవాడు. శత్రువు ఎటు వస్తాడో చదవడంలో వాడికి పేరుంది. ఆ పేరే కొంప ముంచింది. ముందే చదివేసినవాడికి ఇంకొకరు వార్తలు చదివి వినిపిస్తే విసుగ్గా ఉంటుంది. మాట్లాడేవాళ్ళ వైపు అరచెయ్యి ఎత్తి ఆపడం వాడికి అలవాటు. ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఆ చెయ్యి లేచేది.

ఒక మ్యాచ్‌లో రేడియో చచ్చాక కూడా ఆపకుండా మాట్లాడుతుంటే, అడుగుల చప్పుడు వినపడక కెప్టెన్ చచ్చాడు. మర్నాడు ఒక కొత్త హెడ్‌సెట్ తెచ్చి అందరి ముందూ బామ్మర్ది చేతిలో పెట్టాడు. దాని తీగ మీద చిన్న మీట ఉంది. కిందికి జరిపితే మైకు ఆగిపోతుంది. "చచ్చిన మరుక్షణం ఇది కిందికి జరపాలి. నీ నోటికి తాళం లేదు కాబట్టి తీగకి వేయించాను" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా రేడియోనే నవ్వాడు.

నవ్వాడు గానీ, ఆ రోజు నుంచి తు.చ. తప్పకుండా పాటించాడు. తర్వాత ఏడు మ్యాచ్‌ల్లో ఆరు గెలిచారు. ఇంకేముంది, రూలు వేదవాక్కు అయిపోయింది. రేడియో బతికుండగా మాట్లాడే మాటలు కూడా ఒక్కొక్కటే తగ్గాయి. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చప్పుడు వస్తే వెతుకుతారు గానీ, చప్పుడు ఆగితే ఎవరు వెతుకుతారు? కుర్రాడికి బుద్ధి వచ్చిందని కెప్టెన్ భార్యతో అన్నాడు కూడా.

పెద్ద లీగులోకి వెళ్ళాలంటే గెలిచి తీరాల్సిన మ్యాచ్ వచ్చింది. స్కోరు పన్నెండుకి పన్నెండు. మిగిలింది ఒక్క రౌండు. రేడియో వంతెన దగ్గర కాపలా ఉండి మొదటి అరనిమిషంలోనే చచ్చాడు. "వంతెన, ఇద్దరు" అని ఒక్క ముక్క చెప్పాడు. రూలు ప్రకారం అంతే. మీట కిందికి జరిపాడు. కెప్టెన్ అందరినీ వంతెన వైపు పిలిచాడు. తన పక్కన తాత నిలబడ్డాడు. తాత అంటే ముసలివాడేం కాదు, ఇరవై నాలుగేళ్ళకే జుట్టు నెరిసిన ఆటగాడు. వంతెన ముందంతా తెల్లటి పొగ. పొగలోంచి ఎవరూ రాలేదు. వాళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నారు. గడియార స్తంభం దగ్గర బాంబు పెట్టేశారన్న హెచ్చరిక మోగింది. అక్కడ కాపలాకి ఒక్కడు కూడా లేడు.

అలా పోయింది. రెండేళ్ళ పని, ఐదుగురి ఆశ ఆ ఒక్క రౌండులో పోయాయి.

ఓడినవాడికి ఎవరో ఒకరు కావాలి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వేదిక వెనక గదిలో కెప్టెన్ బామ్మర్ది మీద పడ్డాడు. ఇద్దరు వంతెన మీదికి వస్తున్నారని తప్పుడు కబురిచ్చి ముంచావన్నాడు. చచ్చాక కళ్ళప్పగించి ఏం చూస్తున్నావన్నాడు. రేడియో బూటు తాడు విప్పి కడుతూ, కట్టి విప్పుతూ కూర్చున్నాడు. వారం తిరక్కుండా యజమాని కెప్టెన్‌ని పిలిచి జట్టులో మార్పులేమైనా కావాలా అని అడిగితే, వీడితో ఆడలేనని కెప్టెన్ తన నోటితోనే చెప్పి తీసేయించాడు. సొంత బామ్మర్దినైనా వదల్లేదు చూడండి అని నలుగురూ మెచ్చుకుంటుంటే కాస్త గర్వపడ్డాడు కూడా. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు వాడు సిగ్గుతో చచ్చిపోతాడు.

ఆరు వారాల తర్వాత పోటీ నిర్వాహకులు వీడియోలు పంపారు. ప్రతి ఆటగాడి ముఖం మీదా ఒక కెమెరా ఉంటుంది. ప్రతి ఒక్కరి గొంతూ విడిగా రికార్డవుతుంది. కోచ్ అవన్నీ ఓపిగ్గా ఒక్కొక్కటే వింటాడు. కెప్టెన్ ఎప్పుడూ తన గొంతు ఒక్కటే వింటాడు. ఆ మధ్యాహ్నం కోచ్ తలుపు దగ్గరగా వేసి, ఒక ముక్క చూడమని కంప్యూటర్ వాడి వైపు తిప్పాడు. ఒక పక్క తాత తెర, ఇంకో పక్క రేడియో ముఖం. ఆఖరి రౌండు.

తాత తెర మీద పొగ. తాత తుపాకీలో తూటాలు నింపుకుంటున్నాడు. పొగ అంచున, తెర మూలలో, ఒక బూటు కనిపించింది. బాంబు మోస్తున్నవాడు వంతెన వైపు వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి గడియారం వైపు పరుగెత్తాడు. ఇంతా కలిపి రెండు క్షణాలు. తాత చూడలేదు. చచ్చి కూర్చుని తాత తెర చూస్తున్న రేడియో చూశాడు. వాడి వీపు కుర్చీ మీదినుంచి లేచింది. పెదాలు కదిలాయి. మళ్ళీ కదిలాయి. బావా అన్న మాటని పెదాల మీద చదవడానికి చదువు అక్కర్లేదు. తిరిగాడు బావా, గడియారం, బావా. మూడు సార్లు అన్నాడు. గొంతు రికార్డులో మాత్రం ఏమీ లేదు. పక్క కుర్చీలో కెప్టెన్ బిగించుకున్న హెడ్‌ఫోన్లతో వంతెన వైపే చూస్తూ ఉన్నాడు. ఇద్దరికీ మధ్య మూరెడు దూరం.

కెప్టెన్ ఆ ముక్క ఆరుసార్లు వేసుకుని చూశాడు. తర్వాత లేచి వెళ్ళి గోడ మీది రూలు తుడవబోయాడు. ఆ మార్కరు చెరగని రకం. అరచేతికి నలుపు అంటలేదు, గోడకి నలుపు పోలేదు.

ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ తమ్ముడిప్పుడు ఊరి చివర, హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పనిచేస్తున్నాడు. తన దగ్గరికి వస్తే ఎలా ఉంటాడో ఆవిడ చెప్పింది. పెడితే తింటాడు, పిలిస్తే పలుకుతాడు, అంతే. వాడు వెళ్ళాక ఇంట్లో టీవీ పెట్టుకుంటున్నానని కూడా చెప్పింది.

రెండు రోజులు యజమాని చుట్టూ తిరిగాడు. తప్పు వాడిది కాదు, నాది అని చెప్పాడు. రేడియో జాగాలో తెచ్చినవాడు ఎలాగూ కుదురుకోవడం లేదు. యజమాని ఒప్పుకున్నాడు. శుక్రవారం లోగా వస్తే సరే, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నాడు. బుధవారం పొద్దున్నే కెప్టెన్ బస్సెక్కాడు. దారంతా చెప్పాల్సింది మనసులో వరస పెట్టుకున్నాడు. క్షమించమనాలి. రూలు తీసేశానని చెప్పాలి. నువ్వు తప్ప ఇంకెవరూ అది చూసి ఉండేవారు కాదని చెప్పాలి.

లాండ్రీలో మనిషి మాట మనిషికి వినపడదు. గదుల్లా పెద్ద పెద్ద యంత్రాలు తిరుగుతున్నాయి. ఇస్త్రీ రోలర్ల మధ్యలోంచి తెల్ల దుప్పట్లు వేడిగా బయటికి వస్తుంటే, ఇద్దరిద్దరు చెరో కొసా పట్టుకుని మడత పెడుతున్నారు. అందరి చెవుల్లోనూ రబ్బరు బిరడాలు. అంతా సైగలతోనే నడుస్తోంది. రేడియో ఒక కొస పట్టుకుని ఉన్నాడు. బావని చూసి, మడత పూర్తి చేసి, బిరడాలు తీసి జేబులో వేసుకుని బయటికి వచ్చాడు. పది నిమిషాల విరామం ఉందన్నాడు. ఇద్దరూ గోడ వారగా, ఖాళీ తోపుడు బండి మీద కూర్చున్నారు.

"వీడియో చూశానురా. నువ్వు చెప్పావు" అన్నాడు కెప్టెన్.

"నాలో నేను అనుకున్నాలే బావా."

"మీట ఎందుకు తియ్యలేదు? నా రూలుకి అంత భయపడ్డావా?"

రేడియో చేతులకి అంటిన నూలు పోగులు ఒక్కొక్కటే తీసుకున్నాడు. ఒకప్పుడు ఇంత ఆలస్యంలో వీడు ముగ్గురి కబుర్లు చెప్పేసేవాడు.

"భయం కాదు బావా. మీట లేనప్పుడు కూడా చెప్పేవాణ్ణి కదా. బతికుండగా కూడా చెప్పేవాణ్ణి. నువ్వు విన్నట్టు అనిపించేది కాదు. తీసినా వేసినా ఒకటేలే అనుకున్నాను. వేసుకుంటే నువ్వు విసుక్కోవు కనీసం."

నిష్ఠూరంగా అనలేదు. దుప్పటి కొలత చెప్పినట్టు చెప్పాడు. అదే కెప్టెన్ గుండెలో గుచ్చుకుంది. తప్పంతా రూలు మీదికి నెట్టేసి, రూలుని తీసేసి చేతులు దులుపుకుందామని వచ్చినవాడికి నెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది తట్టుకోలేకే తొందరపడ్డాడు.

"అది కాదురా. ముందు నేను చెప్పేది విను."

రేడియో విన్నాడు. కెప్టెన్ చెప్పాడు. తన మీద ఎంత ఒత్తిడి ఉండేదో చెప్పాడు, వీడియో చూసిన రాత్రి నుంచీ నిద్రలేదని చెప్పాడు, యజమానిని ఎలా ఒప్పించాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. తప్పంతా నాదేరా అని చెయ్యి పట్టుకున్నాడు. శుక్రవారం గడువు చెప్పాడు, వస్తావు కదా అన్నాడు, అని ఊపిరి కూడా తీసుకోకుండా ఆటలో కొత్తగా వచ్చిన మ్యాపులో వాడిని ఎక్కడ నిలబెట్టాలో వివరించడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి రేడియో, "బావా, అసలు నేను" అని ఏదో మొదలుపెట్టాడు. కెప్టెన్ అరచెయ్యి లేచింది. ఒక్క నిమిషం ఉండు, ఇది పూర్తి చెయ్యనీ అన్నాడు. రేడియో ఆగాడు.

లోపల గంట మోగింది. రేడియో లేచి, జేబులోంచి బిరడాలు తీశాడు. "అక్కని అడిగానని చెప్పు" అన్నాడు. చెవుల్లో బిరడాలు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో కెప్టెన్ మనసు తేలికపడింది. అనుకున్నదంతా చెప్పగలిగాడు, ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే భార్య ఎదురొచ్చింది. టీవీ మోగుతోంది. ఆవిడ దాన్ని ఆపేసి వచ్చి నిలబడింది.

"వాడేమన్నాడు?"

చెప్పబోయాడు. తను అన్నవన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి.

"అది కాదు. వస్తానన్నాడా, రానన్నాడా?"

కెప్టెన్ ఒక చెప్పు విప్పి, రెండో చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. వస్తావా అని అడిగిన మాట నిజమే. వాడు ఏదో చెప్పబోయిన మాటా నిజమే. అదేమిటో తనకి తెలియదు.