ఈ ఏడు కమ్లీ వంతు

పప్పులో ఉప్పు వేసిందో లేదో తాతమ్మకు గుర్తు రాలేదు. గరిటెతో నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించుకుంది. వేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు వేసింది. ఇంకో గుప్పెడు పప్పు విడిగా ఉడికించి కలిపితే గాని అది మనుషులు తినేలా లేదు. అవతల భోజనాల గదిలో, వాల్తేరు వైపు నుంచి ఖాళీ పెట్టెలు లాక్కొచ్చిన డ్రైవర్లిద్దరు స్నానాలు ముగించి కంచాల ముందు కూర్చుని ఉన్నారు.

"ఇంకా ఎంతసేపు తాతమ్మా?"

"అయిపోనాది బాబూ, పోపెట్టీడవే," అంది. అబద్ధం. చిన్న గిన్నె పొయ్యి మీదికి ఎక్కించి పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

కిరందుల్ స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ రన్నింగు రూములో, బళ్లు దిగిన డ్రైవర్లూ గార్డులూ తిని, పడుకుని, మళ్లీ పిలుపు రాగానే లేచి వెళతారు. కొండ మీద గనుల్లో తవ్విన ఇనుపరాయి పెట్టెలకెత్తి దిగువకు పంపడం రాత్రీ పగలూ జరిగేదే గనుక, అక్కడ పొయ్యి ఆరిన పూట లేదు. ఎర్రదుమ్ము కిటికీ చువ్వల మీదా, ఆరేసిన దుప్పట్ల మీదా, తాతమ్మ మెడ ముడతల్లోనూ పేరుకుని ఉండేది. ఆమె పొట్టి మనిషి. గంజి వార్చి వార్చి మోచేతుల కింద చర్మం అక్కడక్కడ తెల్లబారింది. ఆ మచ్చల మధ్య చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు తేలు, తోక తెగినట్టు కనిపించేది. కుడికాలు కొంచెం ఈడ్చి నడిచేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ వంటింటికి ఇద్దరు వంటమనుషులు: పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తాతమ్మ, అక్కణ్ణుంచి రాత్రి దాకా కమ్లీ. ఒకరు సెలవు పెడితే రెండో మనిషి రెండు పూటలా వండాలి. ఇద్దరూ ఒకేసారి కదలడానికి వీల్లేదు. మొదటి రెండేళ్లూ సెలవు దగ్గర పోట్లాడుకున్నారు. ఆ తర్వాత ఒకనాడు పెరట్లో గిన్నెలు తోముతూ వాళ్లే ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక ఏడు తాతమ్మ ముందు కోరుకుంటుంది, మరుసటి ఏడు కమ్లీ. ముందు కోరుకున్న మనిషి రోజుల్ని రెండో మనిషి ముట్టుకోకూడదు. దానికి కాగితం లేదు, సాక్షి లేడు. ఇప్పటిదాకా తప్పింది లేదు.

ఈ ఏడు కమ్లీ వంతు. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలే రోజుల్ని ఆమె ఎప్పుడో కోరుకుంది. రేపు తెల్లవారుతూనే వెళ్లిపోతుంది.

నిన్న సాయంత్రం ప్యాసింజరు దిగిన గార్డు బంగారురాజు మాత్రం మరో కబురు తెచ్చాడు. అతనిది శృంగవరపుకోట దగ్గర తాతమ్మ వాళ్ల పక్క ఊరు. అక్కడ స్టేషన్లో ఎవరైనా ఒక మాట చెబితే, బండి మారినప్పుడల్లా ఒక గార్డు నోటి నుంచి మరో గార్డు చెవికి చేరి, సాయంత్రానికి అతని దగ్గరికి వచ్చేది.

"పిన్నీ, నూకమ్మ పెద్దమ్మకి బాగోనేదట. కూడు మానేసినాదట. తాతమ్మని ఓపాలి రమ్మనండని ఒకటే గొడవట. వాళ్లబ్బాయి స్టేసనుకొచ్చి సెప్పినాడు. ఆలీసం సెయ్యకు."

నూకమ్మ తాతమ్మకు అప్ప, తోడబుట్టిన అక్క. తల్లి పోయినప్పుడు తాతమ్మ ఇంకా పాకుతోంది. నూకమ్మే చంకనేసుకుని పొలానికి తీసుకుపోయి, గట్టు మీద కూర్చోబెట్టి, ఊడుపుల మధ్య తల ఎత్తి చూసుకుంటూ పెంచింది. ఈ లైను వేసే రోజుల్లో కళాసీగా వచ్చిన తాతమ్మ మొగుడు పైడయ్య జ్వరమొచ్చి పోయినప్పుడు, నూకమ్మ పిల్లల్ని మొగుడికి వదిలేసి కిరందుల్ వచ్చింది. ఒక వర్షాకాలమంతా చెల్లెలి పక్కన నేల మీద పడుకుంది. రాత్రి తాతమ్మ ఒత్తిగిలితే చాలు, చీకట్లో నోట్లోని చుట్ట తీసి, "నానున్నాను, తొంగో," అనేది. తాతమ్మ వంట ఉద్యోగంలో కుదురుకున్నాకే తిరిగి వెళ్లింది.

కమ్లీని అడగాలి. అడిగితే చాలు. అదే రావడం లేదు.

రాత్రంతా మాటలు పేర్చుకుంది. "కమ్లీ, ఈపాలికి నన్నెల్లనీ," అనుకుంది. మరీ ఆజ్ఞాపించినట్టుంది. "నీకెంత కట్టమో నాకు తెల్దా," అని మొదలుపెడితే నటించినట్టుంది. కమ్లీ మొగుడు పని వెతుక్కుంటూ దిగువకు పోయి తిరిగి రాలేదు. ఊళ్లో ఉన్నది ముయె అనే అత్త ఒక్కతే, ఆవిడకు చూపు సరిగా ఆనదు. ఇంటి వెనక ఉన్న ఇప్పచెట్లే వాళ్లకు ఏడాది తిండిలో సగం. చెట్ల కింద ఆకు కాల్చి, తెల్లవారకముందే పశువులకంటే, ఎలుగులకంటే ముందు చేరి ఏరుకోవాలి. ఎండబెట్టుకోవాలి. ఆ పూలు మనిషి కోసం ఆగవు.

అప్ప మాత్రం ఆగుతుందా?

డ్రైవర్లు తిన్నారు. ఒకతను పప్పు పక్కకు నెట్టి మజ్జిగతో సరిపెట్టుకున్నాడు. తాతమ్మ చూసీ చూడనట్టు కంచాలు తీసింది.

మధ్యాహ్నం కమ్లీ వచ్చింది. పొడుగ్గా, సన్నగా, మోకాళ్ల దాకా చీర బిగించి, తల మీద మూట పెట్టుకుని. ఆ మూటలో అత్తకు ఉప్పు, ఎండుచేపలు, రెండు ఖాళీ గోనెసంచులు ఉన్నాయి. మూట దించి గోడవార పెట్టి, చెంబుడు నీళ్లు గటగటా తాగింది.

"దీదీ, నిన్న ఊరి మనిషి బజార్ల కనపడ్డడు," అంది. హల్బీ, హిందీ మాట్లాడుకునే ఆమె, తెలుగు ఈ వంటింట్లోనే నేర్చుకుంది. కొంత తాతమ్మ దగ్గర, కొంత కొంటా ఊరి వైపు నుంచి వచ్చిన కూలీల దగ్గర. "మహు పూలు రాలుడు మొదలైందంట. అత్త ఒక్కతే ఏరుతున్నదంట. పూలనుకొని మేక పెంటికలు బుట్టలో ఏస్తదంట!" అని పగలబడి నవ్వింది.

తాతమ్మ కూడా నవ్వాల్సి వచ్చింది. నోటిదాకా వచ్చిన మాట ఆ నవ్వుతో పాటు వెనక్కి పోయింది.

"ఏంది దీదీ, మొకం అట్ల ఉంది?"

"ఏటీ నేదు. పొగ."

చేతులు తుడుచుకుని తాతమ్మ బయటికొచ్చింది. పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు. కానీ కాళ్లు కేర్‌టేకరు సత్యమూర్తి గది వైపు నడిచాయి. ఆయన బల్ల మీద దుప్పట్ల లెక్క చూసుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. తాతమ్మ గడప దగ్గర నిలబడి, అప్ప సంగతి చెప్పింది. ఎందుకు చెబుతోందో తనకే తెలియలేదు. ఎవరో ఒకరికి చెప్పుకోవాలి.

"అయ్యో, దానికింత ఆలోచనా?" అన్నాడాయన. "రేపు పొద్దున్న ప్యాసింజరుకి నువ్వు వెళ్లు. కమ్లీని నేను ఆపుతాను."

"ఆల్లదీ కట్టవే బాబూ. ఈ ఏడు దాని వొంతు."

"పూలు ఏరుకోవడానికీ, చావు బతుకుల్లో ఉన్న మనిషిని చూడ్డానికీ పోలికేమిటి? నేను చెబితే ఆ పిల్ల ఎదురు మాట్లాడదు."

ఎదురు మాట్లాడదు. అది తాతమ్మకు తెలుసు. అందుకే ఆ క్షణంలో "వొద్దు బాబూ, నానే అడుగుతాను," అని ఆమె అనాలి. అనలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, నేల వైపు చూస్తూ నిలబడింది. సత్యమూర్తి ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. అది ఒప్పుకోలే.

ఇంటికి వెళ్లి, దండెం మీది చీరలు తీసి సంచిలో పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టింది. పొయ్యి వెలిగించలేదు. తీరా ఉగ్గబట్టుకోలేక, ప్యాసింజరు వచ్చే వేళకు మళ్లీ రన్నింగు రూముకు నడిచింది. ఇప్పుడైనా తన నోటితో తాను చెప్పాలి. సత్యమూర్తి బాబు మరిచిపోయి ఉంటే బాగుండును అనుకుంది.

ఆయన మరిచిపోలేదు. వంటింటి గోడవార ఉన్న మూట విప్పి ఉంది. ఎండుచేపల పొట్లం గూట్లోకి చేరింది. కమ్లీ ఇటు తిరగకుండా, ఉల్లిపాయలు తరుగుతోంది.

"కమ్లీ."

కత్తిపీట చప్పుడు ఆగలేదు.

"కమ్లీ, నాను…"

"నన్ను ఎందుకు అడగలే?" అంది కమ్లీ. గొంతు పెద్దది చేయలేదు. "మధ్యాన్నం ఈడ్నే ఉన్న కద. మొకం చూసి అడిగిన కద, ఏంది దీదీ అని. పొగ అన్నవు. సాబ్ దగ్గరికి పోయినవు."

"అడగనేకపోనాను."

"నువ్వు అడిగితే నేనే పో అంటుంటి. అప్ప కద. నీ అప్ప నాకు తెల్వదా? ఆ వానల్లో నాకు జొన్నరొట్టె నేర్పింది." కత్తిపీట మీంచి లేచి, చేతులు చీరకు తుడుచుకుంది. ఆమె కళ్లల్లో నీళ్లు ఉల్లిపాయలవో కాదో తాతమ్మకు తెలియలేదు. "ఇప్పుడు నేను ఇచ్చినట్టు లేదు దీదీ. సాబ్ గుంజుకున్నట్టుంది. నా ఛుట్టీ నా చేత్తో ఇయ్యనియ్యలే నువ్వు."

తాతమ్మ పీట మీద కూలబడింది. అప్ప కళ్ల ముందు కనిపించింది. మేక పెంటికల మధ్య పూలకోసం తడుముకునే ముసలి ముయె కూడా కనిపించింది. ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు.

"నానెల్లను," అంది చివరికి. "ఒట్టు. బాబుతో సెప్పేత్తాను. నువ్వెల్లు."

"పిచ్చి మాటలు," అని కమ్లీ విసుక్కుంది.

బయట ప్యాసింజరు కూత వినిపించింది. కమ్లీ అన్నం గిన్నె కింద మంట సరిచేసింది. కొంతసేపటికి బంగారురాజు వచ్చాడు. ఎప్పుడూ గడపలోంచే, "పిన్నీ, ఆకలి!" అని అరిచే మనిషి, చెప్పులు విడిచి లోపలికొచ్చి, తాతమ్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అప్పుడే ఆమెకు తెలిసిపోయింది.

"నిన్న మజ్జానవే పోనాదట పిన్నీ," అన్నాడు. "పొద్దుగూకకముందే అయిపోనాయట అన్నీను. నీకు కబురు పెట్టినప్పటికి బాగానే మాటాడిందట."

నిన్న మధ్యాహ్నం. అతను కబురు చెప్పిన సాయంత్రానికే అప్ప లేదు. రాత్రంతా మాటలు పేర్చుకున్నప్పుడు లేదు. ఇవాళ సత్యమూర్తి ముందు నేల చూస్తూ నిలబడ్డప్పుడు లేదు. ఈ రోజంతా తాను ఎవరి కోసం భయపడిందో ఆ మనిషి అప్పటికే బూడిదైపోయింది.

"ఓలప్పా," అంది తాతమ్మ, ఎవరికీ వినపడనంత మెల్లగా. పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది.

కమ్లీ అన్నం గిన్నె దించి వార్చింది. బంగారురాజుకు తానే వడ్డించింది. ఆ పని అయ్యాక తాతమ్మను చెయ్యి పట్టి లేపి పెరట్లోకి తీసుకెళ్లి, గోలెం పక్కన బండ మీద కూర్చోబెట్టి, తల మీద చెంబులు చెంబులుగా నీళ్లు పోసింది. ఎర్రదుమ్ము కలిసిన నీళ్లు తాతమ్మ వీపు మీంచి బండ మీదికి పారాయి. తెల్లబడిన జుట్టును కమ్లీ తన కొంగుతోనే తుడిచింది.

"పెద్దదినానికి రమ్మన్నాడు ఆల్లబ్బాయి," అని గోడ అవతల నుంచి బంగారురాజు చెప్పాడు.

"మహు ఇంకా చానా రాల్తది దీదీ," అంది కమ్లీ, జుట్టు తుడుస్తూనే. "ముందు రాలేది నేను పోయి ఏరుత. సగం ఛుట్టీ. నీ పెద్దదినం ముందల వస్త, నువ్వు పో. తరువాత రాలేది అత్త ఏరుకుంటది. పెంటికలతో." ఆ మాటకు తాను నవ్వలేదు. తాతమ్మ తల ఊపింది. ఈసారి నేల వైపు చూడకుండా, కమ్లీ మొహంలోకి చూసి ఊపింది.

"నాను సత్తిమూర్తి బాబుకి సెప్తాను," అంది. "నానే సెప్తాను."

"ఇద్దరం పోయి చెప్తం," అంది కమ్లీ.

తెల్లవారుతుండగా కమ్లీ మళ్లీ కట్టుకున్న మూట నెత్తిన పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది. తాతమ్మ పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, ఎసరు మరిగేలోపు కొంగుముడి విప్పింది. రాత్రి వెళ్లేముందు బంగారురాజు చేతిలో పెట్టిన చిన్న రేకుడబ్బా అందులో ఉంది. అప్ప తలగడ కింద ఉంటే వాళ్లబ్బాయి పంపించాడట. మూత బిగుసుకుపోయింది, గోరుతో ఎత్తాల్సి వచ్చింది. అడుగున పొగాకు నలుసులు, వాటి మీద, కాలిన కొసను గిల్లి ఆర్పి, మళ్లీ ముట్టించుకోవడానికి దాచుకున్న సగం చుట్ట.