అక్క మెడలో తాళంచెవి

అక్కకు కందిరీగ కుడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే తమ కుట్టు దుకాణంలో ప్రతి నెలా ఒకసారి, తలుపులు మూసే ముందు, చెల్లెలు సూదిలేని ఉత్తుత్తి ఇంజెక్షను పెన్నును అక్క తొడ పక్కన నొక్కిపట్టి సాధన చేసేది. అది ఎప్పుడూ చెల్లెలి జేబులోనే ఉండేది. మందున్న అసలు పెన్ను మాత్రం మంచి కత్తెరతో పాటు సొరుగులో ఉండేది. సొరుగుకు తాళం, తాళంచెవి అక్క మెడలో. చెల్లెలి చేతికి ఏదిచ్చినా గాలికి పోయినట్టేనని అక్క నమ్మకం. ఇంత తెలివితక్కువ ఏర్పాటు ఇంకోటి ఉండదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ మధ్యాహ్నం కోటు గుడ్డ దులుపుతుంటే మడతలోంచి కందిరీగ లేచి అక్క చేతిని కుట్టింది. చూస్తుండగానే పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. చెల్లెలు ఆమెను గోడకానించి కాళ్లు చాపించి కూర్చోబెట్టింది. జేబులోంచి పెన్ను తీసి తొడకు నొక్కింది. ఎప్పటిలాగే టిక్కుమంది.

"గుచ్చుకోలేదే..." అంది అక్క, పూడుకుపోతున్న గొంతుతో.

చేతులు అలవాటైన ఉత్తుత్తి పెన్నునే పట్టుకున్నాయి. చెల్లెలికి భయం కూడా వేయలేదు. ఎవరో పురమాయిస్తున్నట్టు ఒక్కో పనీ చేసింది. అంబులెన్సుకు ఫోను చేసింది. అక్క మెడలో తాళంచెవి తాడు ముడి ఊడిరాలేదు. దారాలు తుంచే చిన్న కత్తెరతో తాడు కోసి, సొరుగు తెరిచి, అసలు పెన్ను గుచ్చి పట్టుకుంది. కాసేపటికి అక్క ఊపిరి కాస్త తేలికపడింది.

ఆసుపత్రిలో డాక్టరు, "ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదమ్మా" అన్నాడు. చెల్లెలు తలూపింది. కాఫీ ఇస్తే తాగింది. అది వేడో చల్లనో తెలియలేదు.

మర్నాడు దుకాణం తెరిచాక, కొత్తగా తెచ్చిన పెన్నుల్లో ఒకటి అక్క చెల్లెలి చేతిలో పెట్టింది. "నీ దగ్గరే ఉంచుకో." గొంతింకా బొంగురుగానే ఉంది. రెండోదాని కోసం చెల్లెలు అక్క కోటుకు జేబు కుట్టడానికి మిషను ముందు కూర్చుంది. సూది వేలిలో దిగింది. ఆమె తొక్కుతూనే ఉంది.

"కళ్లు నెత్తికెక్కాయా? గుడ్డంతా రక్తం చేస్తున్నావ్!" అని అరిచింది అక్క.

చెల్లెలు చక్రం ఆపింది.

"ఇంకోసారి తిట్టక్కా," అని భోరుమంది.