చేదుప్రియుడు

"నీ పెళ్ళాం ఫోన్ చూసుకుంటూ తనలో తనే నవ్వుకుంటూ ఉంటోందిరా" అని అత్తగారు అన్నప్పుడు నేను పెనం తోముతున్నాను. ఆ మాట నా వీపు మీద పడి అక్కడే ఆగిపోయింది. మా ఆయన వెంటనే బదులివ్వలేదు. బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించడం ఆయన ఉద్యోగం. ప్రతి ప్రమాదం వెనుకా ఒక అబద్ధం ఉందని అనుమానించడానికే ఆయనకు జీతమిస్తారు. అలాంటి మనిషి మౌనంగా ఉన్నాడంటే విచారణ మొదలైనట్టే.

నేను నవ్వింది చాక్లెట్‌ను చూసి. చెబితే ఎవరు నమ్ముతారు? పొద్దున వంట, గిన్నెలు. ఆపైన పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ బల్ల. మధ్యాహ్నం ఇంటికొస్తే మళ్ళీ గిన్నెలు. ఆ తర్వాత అత్తగారు కునుకు తీసే కాసేపు మాత్రం నాది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను. ఒక షోలో కరిగిన చాక్లెట్‌ను పాలరాతి బల్ల మీద పోసి, వెడల్పాటి రేకుతో ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ పరుస్తారు. అది చల్లబడుతూ, చిక్కబడుతూ, మెల్లగా మెరుపు తెచ్చుకుంటుంది. ఒక బ్లాగు రాసే ఆవిడ ఉంది. మనసులో ఆవిడను చాక్లెట్ అక్క అని పిలుచుకుంటాను. ముక్కను కొరకకుండా నాలుక మీద ఉంచుకుని ఓపిక పడితే ముందు పొగ వాసన వస్తుందట, తర్వాత ఎండుద్రాక్ష పులుపు, చిట్టచివర వాన వెలిసిన మట్టి. చదువుతుంటే నోటికంటే ముందు మనసు ఊరుతుంది.

కొనుక్కోవచ్చు కదా అంటారేమో. ఒకసారి కొన్నాను. "ఇంత పెద్దదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ" అంటూ అత్తగారు దాన్ని ఆడపడుచు కూతురి చేతిలో పెట్టారు. "డాక్టరుగారికి గిరాకీ పెంచుదామనా?" అని ఆయన నవ్వారు. ఇంట్లోకి తెచ్చినదేదీ నాది కాదని అప్పుడే అర్థమైంది. చూసినదాన్ని మాత్రం ఎవరూ పంచుకోలేరని అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన నా ఫోన్ అడిగి తీసుకున్నారు. "నాది చార్జింగ్ అయిపోయింది" అన్నారు. చాలాసేపటికి తిరిగిచ్చారు. ఏమీ దొరకనివాడి నిరాశ ఆ ముఖంలో. ఏమీ దొరకలేదు కాబట్టే ఇంకా గట్టిపడిన అనుమానం కూడా.

కొద్దిరోజులకు బ్లాగులో ఒక కొత్త మనిషి కనిపించాడు. పేరు చేదుప్రియుడు. నేనక్కడ 'గోరంత' అనే పేరుతో వ్యాఖ్యలు రాస్తుంటాను. నేను రాసిన ప్రతిదాని కిందా అతని బదులు. "మీరు భలే రాస్తారండీ." "అలసిపోయిన రోజున ఏ చాక్లెట్ గురించి చదువుతారు?" "మీకు నిజంగా ఏది ఇష్టం?"

ఆ చివరి ప్రశ్న చదివి ఫోన్ బోర్లించి, గోడకేసి చూస్తూ కూర్చున్నాను. కూరలో ఉప్పెందుకు తగ్గిందని అడిగినవాళ్ళున్నారు. జీతం ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళున్నారు. నాకేది ఇష్టమని అడిగిన మనిషి ఇతనే. కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే అనుమానమూ వచ్చింది. ఇంత మెత్తదనం ఊరికే వస్తుందా?

ఒకరోజు భోజనాల దగ్గర ఆయన తన పనితనం గురించి చెబుతున్నారు. "దొంగ క్లెయిమువాడిని గద్దించకూడదమ్మా. స్నేహం చెయ్యాలి. కాలు విరిగిందన్నవాడికి బండి కొనేవాడిలా ఫోన్ చేసి, 'మీరే నడుపుకుంటూ తెచ్చి చూపిస్తారా' అని తియ్యగా అడగాలి. వాడంతట వాడే బయటపడతాడు."

వడ్డిస్తున్న నా చేతిలో గరిటె ఆగింది.

మర్నాడు చేదుప్రియుడికి రాశాను: "ఒకరు ప్రేమగా ఇచ్చిన చాక్లెట్‌ను మా పిండి డబ్బా అడుగున దాచుకున్నాను." డబ్బాలో పిండి తప్ప మరేమీ లేదు. పని నుంచి తిరిగొచ్చేసరికి అందులోని పిండి ఎవరో అరచేత్తో సర్దినట్టు నున్నగా ఉంది. సాయంత్రం అత్తగారి గొంతు వినిపించింది.

"ఒరేయ్, చొక్కా చేతికి మోచేతి దాకా ఆ తెలుపేమిట్రా?"

"ఆఫీసులో గోడలకు సున్నం వేస్తున్నారమ్మా."

"వేస్తే? నువ్వెళ్ళి కావలించుకున్నావా?"

నాకు నవ్వు రావాలి. రాలేదు. మోసం చేశారని కాదు నా బాధ. ఆ మాటలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. అలసిపోయావా అని అడగడం తెలుసు. నీకేది ఇష్టమని అడగడం తెలుసు. ఇన్నేళ్ళూ వాటిని నాకోసం బయటికి తీయలేదు. నన్ను పట్టుకోవడానికి తీశారు.

ఆ వారంలోనే చేదుప్రియుడు ఇంకో అడుగు వేసి, విడిగా సందేశం పంపాడు. "ఆదివారం నాలుగింటికి బస్టాండు ఎదుటి చాక్లెట్ షాపులో కలుద్దామా? మీవారికి చెప్పకండి." వెళ్తే దొంగను, వెళ్ళకపోతే భయపడిన దొంగను. వస్తానని రాశాను.

ఆదివారం అందరం భోజనం చేస్తుండగా, "నాలుగింటికి చాక్లెట్ షాపుకి వెళ్తున్నాను. చేదుప్రియుడని ఒకాయన రమ్మన్నారు" అన్నాను.

అత్తగారు ముద్ద కంచంలో వదిలేసి కొడుకు వైపు తిరిగారు. "విన్నావురా? ఎవడో ఏమిటో అడగవేం?"

ఆయన కంచంలోకి చూస్తున్నారు.

"మీరూ రండి" అన్నాను ఆయనతో. "మంచివాడిలాగే ఉన్నాడు. నాకేది ఇష్టమో అడిగాడు."

"నాకు పనుంది."

"ఆదివారం ఏం పనిరా నీకు?"

"వెళ్ళనీ అమ్మా" అన్నారాయన, తలెత్తకుండా. కొడుకు నోట ఆ మాట విని అత్తగారు ఒకసారి ఆయన వంకా, ఒకసారి నా వంకా చూసి, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

షాపులో కిటికీ పక్కన చిన్న బల్ల, రెండు కుర్చీలు. "ఇంకెవరైనా వస్తారామ్మా?" అంది షాపావిడ. రారని చెప్పాను. అన్నిటికంటే నల్లగా ఉన్నదాన్ని తెమ్మన్నాను. ఒక ముక్క నోట్లో వేసుకుని, ఎవరికీ తీసిపెట్టకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా, అది కరిగేదాకా కళ్ళు మూసుకున్నాను. చాక్లెట్ అక్క చెప్పిన రుచులేవీ అందులో లేవు. ఉన్నది వేరు.

కళ్ళు తెరిచేసరికి ఫోన్లో చేదుప్రియుడి సందేశం: "ఎలా ఉంది?"

అది విచారణో, తొలిసారిగా నిజంగా తెలుసుకోవాలన్న ఆశో నాకు తెలియలేదు. బదులు రాశాను.

"మీరు మీ పేరుతో అడిగిన రోజున చెబుతాను."